చదువుతుంటే ఆపి దిద్దాలా, అయ్యాక చెప్పాలా: చిన్నపిల్లల చదువుకీ రాతకీ ఏ పద్ధతి ఎప్పుడు

మా చిన్నది మొన్న "పాము చెట్టు ఎక్కింది" అన్న లైన్‌ని "పాప చెట్టు ఎక్కింది" అని చదివేసి హాయిగా ముందుకెళ్ళిపోయింది. పక్కన కూర్చున్నవాళ్ళకి అక్కడ ఒక్క క్షణమే టైమ్ ఉంటుంది. వెంటనే "పాప కాదే, పాము" అనేయొచ్చు, నోరు మూసుకుని చూడొచ్చు, "ఆ మాట ఇంకోసారి చూడు" అనొచ్చు, లేదంటే పేజీ అయిపోయాక వెనక్కి రావొచ్చు. నాలుగూ ఎక్కడో ఒకచోట పనికొచ్చేవే. కానీ మనలో చాలామందిమి ప్రతిసారీ మొదటిదే చేస్తాం, ఎందుకంటే అది మన నోటికి అలవాటైపోయింది, అంతే తప్ప పిల్లకి అప్పుడు ఏది కావాలో చూసి చేసేది కాదు.

నేను ఇంట్లో ఇద్దరు పిల్లల్ని, సాయంత్రాలు ఇంకో నలుగురైదుగురిని కూర్చోబెట్టి చదివిస్తుంటా. ఈ పద్ధతులన్నీ ఒక్కోటీ వాడి, కొన్ని బెడిసికొట్టి, కొన్నిటికి ఆలస్యంగా బుద్ధొచ్చి ఇప్పుడు ఒక లెక్క కుదిరింది. ఏది బెస్ట్ అని అడిగితే మాత్రం సూటిగా చెప్పను, ముందు ఆ తప్పు ఏ రకమో చెప్పండి అంటా.

తెలియనిదా, జారిందా

పిల్లలు చేసే తప్పులు నా లెక్కలో ముఖ్యంగా రెండు రకాలు. తెలియక చేసింది, తెలిసీ జారింది. "చెట్టు" అని రాయాల్సిన చోట "చెటు" అని రాసినవాడికి టవత్తు ఎలా పెట్టాలో అసలు రాకపోవచ్చు, లేదా వచ్చి కూడా కథ తొందరలో వదిలేసి ఉండొచ్చు. పేజీ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండిటికీ మందు మాత్రం వేరు. తెలియనివాడికి "చూసి రాయి, జాగ్రత్త" అంటే వాడు ఎంతసేపు చూసినా ఏం దొరుకుతుంది, లేనిది ఎక్కణ్ణుంచి తెస్తాడు. జారినవాడికేమో మనం కూర్చుని వత్తులు మొదటినుంచి పాఠం చెప్తే వాడు గోడ మీద బల్లిని చూస్తుంటాడు.

తేల్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. రాతైతే అదే మాటని ఇంకో కాగితం మీద, వాక్యం లేకుండా, ఒక్కదాన్నే రాయమనండి. సరిగ్గా రాస్తే జారిందే. మళ్ళీ అచ్చం అదే తప్పు వస్తే తెలియదు. ఒకసారి "చెటు", ఇంకోసారి "చేట్టు", మూడోసారి "చెట్టు" ఇలా రకరకాలుగా వస్తుంటే సగం వచ్చి ఆగిందన్నమాట, అది రెండిటికీ మధ్యలో ఉన్న రకం, దానికి పాఠం అక్కర్లేదు గానీ అలాంటి మాటలు ఓ అయిదారు రోజూ కాస్త రాయించాలి. చదువుడైతే ఇంకా సులువు, వాక్యం చివరిదాకా ఆగి "ఈ మాట దగ్గరికి మళ్ళీ రా" అంటే చాలు, రెండోసారి సరిగ్గా వస్తే జారిందే.

ఈ ఒక్కటి చెయ్యకుండా ఎంచుకున్న పద్ధతి ఏదైనా సరే గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ అంటే ఎలా ఇచ్చినా మేలే కదా అనుకుంటాం, అదేం నిజం కాదు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ఫీడ్‌బ్యాక్ స్టడీల్ని పోగేసి 607 ఫలితాలు లెక్కగట్టారు, అందులో పిల్లలవే కాదు పెద్దవాళ్ళ పనులవీ ఉన్నాయి. సగటున మేలే జరిగింది గానీ మూడో వంతు పైగా ఫలితాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని అంతకుముందు కంటే పాడయింది. మనసు చేస్తున్న పని మీద నుంచి "నేనెలాంటివాణ్ణి" అన్న దాని మీదకి మళ్ళినప్పుడు ఫీడ్‌బ్యాక్ పనిచెయ్యడం తగ్గుతుందని వాళ్ళు చెప్పిన వివరణ. నాకు ఇది చదివినప్పుడు కొంచెం గుండె దడొచ్చింది, ఎందుకంటే నేను "నీకు ఎన్నిసార్లు చెప్పాలిరా" అన్న ప్రతిసారీ చేసింది అదే.

చదువుతున్నప్పుడు: వెంటనే చెప్పడం, ఆగి క్లూ ఇవ్వడం, అయ్యాక మాట్లాడటం

వెంటనే మాట అందించెయ్యడానికి ఒక మంచి గుణం ఉంది, కథ ఆగదు. పిల్లాడు బాగా అలిసిపోయి ఉన్నాడు, లేదా పుస్తకం వాడి స్థాయికి మించిపోయింది, లేదా ఆ మాట ఎవరిదో పేరు, ఎప్పుడూ వినలేదు, ఇలాంటప్పుడు మొహమాటం లేకుండా చెప్పేసి ముందుకి పదండి. ఇబ్బంది ఎక్కడంటే రోజూ ఇదే అయితే పిల్లలు తెలివైనవాళ్ళు, కాస్త పెద్ద మాట రాగానే పుస్తకం వంక కాదు మన మొహం వంక చూడటం మొదలెడతారు. మా అబ్బాయి ఒక టైమ్‌లో "వె..." అని నా వైపు తిరిగేవాడు, నేను "వెళ్ళిపోతున్నాడు" అనేదాన్ని, వాడు ఆ మాటని గంభీరంగా రిపీట్ చేసి ముందుకి పోయేవాడు. ఇద్దరం కలిసి చదువుతున్నాం అనుకున్నా, చదివింది నేనే.

రెండోది ఆగడం. దీనికి ఒక పాత పద్ధతి ఉంది, 1970ల చివర్లో న్యూజిలాండ్‌లో గ్లిన్, మెక్‌నాటన్, రాబిన్సన్ అనే ముగ్గురు చదువులో వెనకబడ్డ పిల్లల తల్లిదండ్రులకి ఇంట్లో చదివించడం నేర్పడానికి తయారుచేశారు. ఆగు, క్లూ ఇవ్వు, మెచ్చుకో, మొత్తం మూడే పనులు. పిల్లాడు తడబడితే 5 సెకన్లు లేదా ఆ వాక్యం అయ్యేదాకా ఏమీ అనకూడదు, అప్పటికీ రాకపోతే మాట చెప్పకుండా క్లూ ఇవ్వాలి, వాడంతట వాడు సరిచేసుకుంటే ఆ సరిచేసుకోవడాన్నే మెచ్చుకోవాలి. చెప్పుకోవడానికి ఎంత తేలిగ్గా ఉందో కూర్చుంటే అంత కష్టం, 5 సెకన్లు అంటే లెక్కపెట్టి చూడండి, పక్కన పెద్దవాళ్ళకి అదొక యుగం. క్లాసుల్లో టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను దాకా మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో అని ఒకావిడ 1970ల్లోనే గమనించి చెప్పింది, 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయని కూడా. నేను మొదట్లో టేబుల్ కింద వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకునేదాన్ని.

క్లూ ఏమివ్వాలి అన్న దగ్గర నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. చాలామంది "బొమ్మ చూడు, ఏమై ఉంటుందో ఊహించు" అంటారు. తెలుగు చదివేటప్పుడు అది వద్దు. మన లిపిలో అక్షరం ఎలా ఉందో దాదాపు అలాగే పలుకుతాం కాబట్టి ఊహించాల్సిన అవసరమే లేదు, సమాధానం అక్కడే అచ్చేసి ఉంది. బొమ్మలో చెట్టు మీద పాప కూడా ఉంటే ఊహ "పాప" దగ్గరే ఆగిపోతుంది. అందుకని నా క్లూ ఎప్పుడూ అక్షరం వైపే, "పా తర్వాత ఏముంది?" అంతే. పొడుగు మాటలకి ఇంకో క్లూ, వేలితో సగం మూసెయ్యడం. "వెళ్ళిపోయిందేమో" అన్నది పిల్లలకి ఒక మాట కాదు, కొండ. "వెళ్ళి" దాకా కనిపించేలా మూసి, చదివాక "పోయిం" తెరిచి, ఆఖర్న "దేమో" తెరిస్తే ఎక్కేస్తారు. బొమ్మ, కథ ఇవి దేనికి పనికొస్తాయంటే చదివేశాక సరిచూసుకోవడానికి. పాము సంగతి అలాగే తేలింది, నేను ఏమీ అనలేదు, తర్వాతి లైన్‌లో "బుస్సుమంది" అని ఉంది, చిన్నది ఆగిపోయి "పాప బుస్సుమనడమేంటి" అని తనే పైకి పోయి చూసుకుంది. నేను వెంటనే చెప్పేసి ఉంటే పాము అన్న మాట వచ్చేదే, ఆ ఆగి వెనక్కి చూసుకోవడం మాత్రం రాకుండా పోయేది.

మూడోది, మొత్తం చదివాక మాట్లాడటం. ఇది ధారగా చదవడం వచ్చిన పిల్లలకి మంచిది, మాటమాటకీ కూడబలుక్కునే వాళ్ళకి కాదు. కూడబలుక్కునేవాడు పేజీ చివరికి వచ్చేసరికి ఏ మాట దగ్గర ఏం చేశాడో మర్చిపోతాడు, మీరు చెప్పేది వాడికి ఎవరిదో కథలా ఉంటుంది. ధారగా చదివేవాళ్ళకి మాత్రం మధ్యలో ఆపడమే తప్పు, వాళ్ళ దగ్గర నేను చిన్న కాగితం మీద రెండు మూడు మాటలు గీసుకుని అయ్యాక చూపిస్తా. "ఇక్కడ తలపు అన్నావ్, అక్కడ ఏముంది?" "తలుపు." అయిపోయింది.

పుస్తకం స్థాయి గురించి ఒక మాట చెప్పకపోతే ఇదంతా వేస్ట్. మేరీ క్లే అని న్యూజిలాండ్ ఆవిడ పెట్టిన లెక్క ప్రకారం నూటికి 95 మాటలు ఆపైన సరిగ్గా వస్తే ఆ పుస్తకం తేలిక, 90 నుంచి 94 అయితే పక్కన మనిషి ఉండి నేర్పడానికి సరైనది, 90 కంటే తక్కువైతే కష్టం. ఇది ఇంగ్లీషు చదివే పిల్లలకి వేసిన కొలత. తెలుగులో ఒక్క మాటలోనే వాళ్ళ మూడు నాలుగు మాటల సరుకు ఉంటుంది కాబట్టి అంకెల్ని అచ్చంగా దింపెయ్యకండి, నిమిషానికి ఇన్ని మాటలు చదవాలి అన్న టార్గెట్లని అయితే అసలు దింపకండి. వరసగా పది మాటల్లో రెండు మూడు చోట్ల ఆగుతున్నాడంటే లోపం మన ఫీడ్‌బ్యాక్‌లోనో వాడిలోనో కాదు, పుస్తకం మార్చాలి అని మాత్రం తెలుసుకుంటే చాలు.

రాతలో: అన్నీ దిద్దడం, చుక్క పెట్టడం, ఒక్కటే పట్టుకోవడం

చదువులో తప్పు గాల్లో కలిసిపోతుంది, రాతలో అలా కాదు, పేజీ మీద కూర్చుని మనల్ని చూస్తుంటుంది. అందుకే ఇక్కడ పెన్ను ఆగదు.

నా తప్పే చెప్తా. రెండేళ్ళ కింద ఒక పిల్ల నాకు ఒక పేజీ కథ రాసి తెచ్చింది, తప్పిపోయిన కుక్కపిల్ల గురించి, అందులో "బయపడిపోయింది", "వనికిపోతూ", "గుర్తుపటలేదు" లాంటి మాటలున్నాయి. నేను శ్రద్ధగా ఒక్కటి వదలకుండా 14 చోట్ల దిద్ది, పైన అందంగా రాసి ఇచ్చా. తర్వాతి వారం ఆ పిల్ల తెచ్చిన కథ నాలుగు లైన్లు. "అది కుక్క. అది మంచిది. అది ఆడింది. అది పడుకుంది." ఒక్క తప్పు లేదు. ఒక్క కథ కూడా లేదు. ఆ పిల్లకి నేను నేర్పింది ఏంటంటే వచ్చిన మాటలే రాయి, రాని మాట జోలికి పోకు అని.

అన్నీ దిద్దడం ఎప్పుడు సరి అంటే ఆ కాగితం బయటికి వెళ్ళేదైతే, గోడకి అంటించేదో ఎవరికైనా పంపే ఉత్తరమో అయితే. అప్పుడు కూడా "ఇది అందరూ చదువుతారు కాబట్టి మనం కలిసి సాఫు చేద్దాం" అని ముందే చెప్పి, పిల్ల చేత్తోనే మార్పించాలి. మామూలు రోజువారీ రాతకి ఇది వద్దే వద్దు. పెద్దవాళ్ళకి రెండో భాష నేర్పే దగ్గర కూడా దీని మీద పెద్ద గొడవ నడిచింది, 1996లో ట్రస్కాట్ అనే ఆయన వ్యాకరణం తప్పులు దిద్దడం మానెయ్యాలి అని రాస్తే 1999లో ఫెర్రిస్ అనే ఆవిడ అంత లేదు అని జవాబిచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పెద్దవాళ్ళ విషయంలోనే ఇలా ఉంటే ఏడేళ్ళ పిల్లకి పేజీ నిండా గీతలు పెట్టి నేర్పేశాం అనుకోవడం మన సంతృప్తి కోసమే.

చుక్క పద్ధతి నాకు బాగా నచ్చినది. తప్పున్న లైన్ ఎదురుగా మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక చుక్క. ఎక్కడో చెప్పం, ఏంటో చెప్పం, ఆ లైన్‌లో ఒకటుంది వెతుక్కో అంతే. వెతికే పని పిల్లకి పోతుంది, అదే కదా కావాల్సింది. రెండు తప్పులుంటే రెండు చుక్కలు. దీనికి ఉన్న ఒకే ఒక షరతు, జారిన తప్పులకే చుక్క. తెలియని తప్పుకి చుక్క పెట్టడం అంటే చీకట్లో కుర్చీ వెతకమని గదిలోకి తోసినట్టే, పిల్ల లైన్ మొత్తం చెరిపి బాగున్న మాటల్ని కూడా మార్చేస్తుంది. అలా బాగున్నవి మార్చడం మొదలెట్టింది అంటే చుక్క అక్కడ పనిచెయ్యట్లేదు అని గుర్తు.

మూడోది ఒక్కటే పట్టుకోవడం. ఈ వారం వత్తులే చూస్తా, ఇంకేదీ చూడను, అని రాయకముందే చెప్పడం. తెలియని తప్పులకి ఇదే దారి. ముందే చెప్పడం అన్నది ముఖ్యం, రాశాక చెప్తే అది తీర్పు, రాయకముందు చెప్తే అది పని. మిగతా తప్పులు కళ్ళముందే కనిపిస్తున్నా వదిలెయ్యాలి, అది అమ్మానాన్నలకి ప్రాణసంకటం, పుస్తకం చూసిన ఇంకెవరైనా "దిద్దలేదేంటి" అంటారు. అనుకోనివ్వండి, కావాలంటే పేజీ పైన "ఈ వారం: వత్తులు" అని రాసిపెట్టండి, చూసినవాళ్ళకీ అర్థమవుద్ది.

ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటూ తోచినట్టు రాసే చిట్టి పిల్లలకి వేరే లెక్క. కెనడాలో వెలెట్, సెనెషల్ అనే ఇద్దరు 2008లో ఇలాంటి పిల్లల మీద చేసిన స్టడీలో, పిల్లలు తమకి తోచినట్టు రాసిన మాటకి పూర్తి స్పెల్లింగ్ ఇవ్వకుండా వాళ్ళు రాసినదానికి ఒక్క మెట్టు పైన ఉన్నది చూపిస్తూ పోయారు, ఆ పిల్లలు తర్వాత మాటలు చదవడం నేర్చుకోవడంలో కూడా ముందున్నారు. మన దగ్గర అదే పద్ధతి అంటే, పిల్ల "గంట"ని "గట" అని రాస్తే "గం అన్నప్పుడు ముక్కులోంచి ఇంకో శబ్దం వస్తోంది కదా, దానికేం పెడతాం?" అని సున్నా ఒక్కటి రప్పించడం. అక్షరం గుండ్రంగా ఉందా, తలకట్టు సరిగ్గా ఉందా అన్నది ఆ రోజుకి వదిలెయ్యండి.

చెవి సాయం చేసే తప్పులు, చెయ్యనివి

ఇది నేను చాలా ఆలస్యంగా గమనించిన విషయం, పద్ధతి ఎంచుకునేటప్పుడు బాగా పనికొస్తుంది. "చెటు", "పిలి", "అమ" లాంటివి పైకి చదివిస్తే దొరికిపోతాయి. "నువ్వు రాసింది రాసినట్టే చదువు" అంటే పిల్ల "పిలి" అని చదివి తనే నవ్వుతుంది. హ్రస్వం, దీర్ఘం కూడా అంతే. వీటికి మనం చెప్పాల్సిందేమీ లేదు, పైకి చదివించడమే ఫీడ్‌బ్యాక్.

కానీ శ, ష, స దగ్గర, ణ, న దగ్గర, బ, భ దగ్గర చాలామంది ఇళ్ళల్లో పలుకులో తేడా పెద్దగా ఉండదు. మనం పలికేది "బయం" లాగే ఉండి, పిల్ల "బయం" అని రాస్తే, "సరిగ్గా విను, సరిగ్గా విని రాయి" అంటే ఆ పిల్ల విన్నదే రాసింది పాపం. ఇక్కడ చెవి సాక్ష్యం చెప్పదు, కంటికి చూపించి గుర్తుపెట్టించాల్సిందే, అంటే సూటిగా చెప్పడమే సరైన పద్ధతి. "ఇది భ, కింద చిన్న గీత ఉన్నది, భయం, భూమి, భోజనం మూడిటికీ ఇదే" అని ఒక గుంపుగా ఇస్తే త్వరగా నిలుస్తుంది.

ఇంట్లో మాట్లాడే మాట అలాగే రాయడం ఇంకొకటి. "ఒచ్చాడు", "ఎల్లాడు" అని రాస్తారు. దీన్ని తప్పు అనడం నాకు ఇష్టం ఉండదు, అది వాళ్ళ అమ్మ మాట, దాన్ని తప్పంటే అమ్మని తప్పన్నట్టే వినపడుతుంది ఆ వయసులో. "నువ్వు మనం అనుకునేట్టే రాశావ్, పుస్తకంలో రాసేటప్పుడు వచ్చాడు అని రాస్తారు, రెండూ తెలిసుండాలి" అంటా. కథలో మనుషులు మాట్లాడుకునే చోట అయితే "ఒచ్చాడు"ని అలాగే ఉంచమంటా, అక్కడ అదే బాగుంటుంది.

మార్కులు, స్టార్లు, కామెంట్లు

1988లో రూత్ బట్లర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు అయిదు, ఆరు తరగతుల పిల్లల్ని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకి మార్కులు మాత్రమే, ఒక గుంపుకి చేసిన పని గురించి కామెంట్ మాత్రమే, మూడో గుంపుకి రెండూ. కామెంట్ ఒక్కటే వచ్చిన పిల్లలకి ఆసక్తి నిలిచింది, పనీ మెరుగైంది. మనకి సహజంగా రెండూ ఇస్తే డబుల్ లాభం అనిపిస్తుంది కదా, అదేం కాలేదు, రెండూ వచ్చిన గుంపు మార్కుల గుంపులాగే ఉంది, కామెంట్ ఇవ్వని దాంతో సమానం. మార్కు కనపడగానే కామెంట్ చదవరు, పిల్లలే కాదు మనమైనా అంతే.

మార్కు తప్పనిసరిగా వెయ్యాల్సిన చోట ఉంటే, కామెంట్ ఈరోజు ఇచ్చి, దాని మీద పిల్ల ఏదో ఒకటి మార్చాక, మార్కు రేపు ఇవ్వండి. స్టిక్కర్లు, స్టార్లు అయిదారేళ్ళ పిల్లలకి సరదా, వాటి మీద నాకు పగేం లేదు, కాకపోతే అవి ఫీడ్‌బ్యాక్ కాదు, మిఠాయి. "గుడ్" అని రాయడం కూడా అంతే. ఏది గుడ్డో చెప్పకుండా గుడ్ అంటే రేపు దాన్నే మళ్ళీ చెయ్యాలంటే ఏం చెయ్యాలో పిల్లకి తెలియదు.

ఇంకొకటి, చిన్నపిల్లలకి పుస్తకంలో రాసే కామెంట్ నిజానికి వాళ్ళ కోసం కాదు, వాళ్ళకి చదవడమే రావట్లేదని కదా ఇదంతా. అది పేరెంట్ చూస్తారని రాసేది. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకి నోటితో పక్కన కూర్చుని చెప్పిన రెండు ముక్కలే ఫీడ్‌బ్యాక్. అంతకంటే పెద్దయ్యాక రాసినది పనిచేస్తుంది, అదీ చిన్న ప్రశ్నగా రాస్తే. ఒకేసారి అయిదారుగురు పిల్లలుంటే ప్రతివాడికీ పక్కన కూర్చోవడం కుదరదు, అప్పుడు రోజుకి ఇద్దరు చొప్పున బాగా చూడటం నయం, రోజూ అందరికీ టిక్కు పెట్టడం కంటే.

ఫోన్‌లో రికార్డింగ్ విషయం కూడా చెప్పాలి. పిల్ల చదివింది రికార్డ్ చేసి వెంటనే వినిపించడం నాకు అంత కలిసిరాలేదు, సిగ్గుపడి నవ్వుతారు. అదే పేజీని మూడు వారాల తర్వాత మళ్ళీ చదివించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన వినిపిస్తే కళ్ళు పెద్దవైపోతాయి, "అది నేనేనా" అంటారు. మనం వంద సార్లు "ఇంప్రూవ్ అయ్యావ్" అన్నా అంత పని జరగదు. వాయిస్ విని తప్పొప్పులు చెప్పే యాప్‌ల సంగతి అయితే, తప్పు ఎక్కడో చూపించడానికి ఓకే, ఎందుకు జరిగిందో వాటిని అడగొద్దు.

మెచ్చుకోవడంలో కూడా ఎంచుకోవాల్సింది ఉంది

"తెలివైనదానివి", "బాగా కష్టపడ్డావ్", "ఇదిగో ఇక్కడ ఇది చేశావ్". ఈ మూడిట్లో మొదటిది అందరికీ తియ్యగా ఉంటుంది, అదే మోసం చేస్తుంది. 1998లో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో తెలివిని పొగిడిన పిల్లలు, తర్వాత కష్టమైన పజిళ్ళు ఎదురై దెబ్బతిన్నాక, ప్రయత్నాన్ని మెచ్చుకున్న పిల్లల కంటే తొందరగా నీరుగారిపోయారు, తమకి వచ్చిన మార్కులు ఎక్కువ చేసి చెప్పినవాళ్ళు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. తెలివైనదానివి అన్నాక తప్పు చదివితే తెలివి పోయినట్టే కదా మరి, అందుకే అలాంటి పిల్లలు కష్టమైన పుస్తకం ముట్టుకోరు.

రెండోది పర్లేదు, కష్టపడితేనే. ఏమీ కష్టపడకుండా గబగబా గీకేసిన పేజీకి "బాగా కష్టపడ్డావ్" అంటే వాళ్ళకి తెలిసిపోద్ది మనం చూడకుండానే అంటున్నామని. నా ఓటు మూడోదానికి. "ఇందాక తలపు అని చదివి, అర్థం కుదరలేదని వెనక్కి వచ్చావ్ చూడు, అదే చదవడం అంటే." ఇది చెప్పాలంటే మనం నిజంగా వినుండాలి, ఫోన్ చూస్తూ కుదరదు, బహుశా అందుకే జనం మొదటి రెండిటితో సరిపెట్టుకుంటారు.

2007లో హ్యాటీ, టింపర్లీ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన ఒక పేపర్‌లో ఫీడ్‌బ్యాక్‌ని నాలుగు మెట్లుగా విడగొట్టారు, చేసిన పని గురించి, చేసిన తీరు గురించి, తనని తాను చూసుకోవడం గురించి, మనిషి గురించి. ఆఖరిది, అంటే "నువ్వు మంచిపిల్లవి" రకం, అన్నిటికంటే తక్కువ పనికొస్తుందని వాళ్ళ మాట. నేను దీన్ని ఇంట్లో ఇలా వాడుకుంటా: "ఈ మాటలో వత్తు లేదు" మొదటి మెట్టు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి. "రాశాక పైకి చదువు, దొరుకుద్ది" రెండోది, కాస్త వచ్చినవాళ్ళకి. "ఏ లైన్ మీద నీకు డౌట్ ఉంది?" మూడోది, బాగా వచ్చినవాళ్ళకి. కొత్తవాడిని మూడో ప్రశ్న అడిగితే బిక్కమొహం వేస్తాడు, బాగా వచ్చినవాడికి మొదటిది చెప్తే మన మీద ఆధారపడటం నేర్చుకుంటాడు.

మరి ఏది ఎంచుకోవాలి

ఇప్పుడే అక్షరాలు కలుపుతున్న పిల్ల అయితే సూటిగా చెప్పండి, నోటితో, అక్కడికక్కడే, ఒక్క మెట్టు మాత్రమే. కూడబలుక్కుంటూ వాక్యాలు చదివే పిల్లకి 5 సెకన్లు ఆగి అక్షరం వైపు క్లూ. ధారగా చదివే పిల్లని మధ్యలో ఆపకండి. రాతలో ముందు కథకి స్పందించండి, ఎవరైనా చదివేవాళ్ళు స్పందించినట్టే, "కుక్కపిల్ల దొరికినప్పుడు ఏం చేసింది? అది రాయలేదే" అని. ఆ తర్వాతే అక్షరాలు, అదీ జారినవాటికి చుక్క, తెలియనివాటిలో ఒక్క రకానికి పాఠం, మిగతావి వదిలెయ్యడం.

పదిమంది ముందు చేసే ఫీడ్‌బ్యాక్ ఏదీ నేను ఎంచుకోను, చుట్టాల ముందు చదివించి దిద్దడం అస్సలు వద్దు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు రెండు రకాలుగా దిద్దుతుంటే అది కూడా పిల్లకి నరకం, ఒకరు ఆగుతారు ఒకరు అరుస్తారు, ఎవరి వైపు చూడాలో తెలియదు, కనీసం ఆ వారం ఏం చూస్తున్నామో ఒకరికొకరు చెప్పుకోండి. స్కూల్లో టీచర్ ఒకలా దిద్దుతున్నారంటే వాళ్ళని మార్చే పని పెట్టుకోకుండా ఏ తప్పు మీద పని చేస్తున్నారో అడిగి అదే మీరూ పట్టుకోండి. ఇవన్నీ చేసినా నెలల తరబడి అవే అక్షరాల దగ్గర అదే తడబాటు ఉంటే పద్ధతులు మార్చుకుంటూ కూర్చోకుండా కళ్ళు, చెవులు ఒకసారి చూపించి, టీచర్‌తో కూర్చుని మాట్లాడండి. అక్కడ ఏ చుక్కా పనిచెయ్యదు.

కుక్కపిల్ల కథ రాసిన పిల్లకి మళ్ళీ పెద్ద మాటలు రాయడానికి నాలుగైదు నెలలు పట్టింది. ఆ నెలలు నేను పెన్ను పట్టుకోలేదు, కథ గురించి ప్రశ్నలే అడిగా. తర్వాత చుక్కలు మొదలెట్టాం. ఈ మధ్య పుస్తకం నా చేతికి ఇచ్చేముందే మార్జిన్‌లో తనే రెండు మూడు చుక్కలు పెట్టుకుని తెస్తోంది, "ఇక్కడ ఏదో ఉంది అక్కా, ఏంటో తెలీట్లేదు" అని. మొన్నటి పేజీలో ఒక చుక్క ఏ తప్పూ లేని లైన్ ఎదురుగా ఉంది. ఏం ఉందనిపించింది అని అడిగితే, "తప్పు లేదు, ఆ లైన్ నాకు నచ్చలేదు, వేరేగా రాస్తా" అంది.